ఆఫ్రికా నగరాలు ఎలా పెరుగుతున్నాయి, వాటిని ఎవరి కళ్ళతో చూస్తున్నాం? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే: అడవి జంతువులు, కరువు. కానీ ఈ రోజు ఆ ఖండంలో దాదాపు సగం మంది పట్టణాల్లో బతుకుతున్నారు. ఆ బతుకు ఎలా మారుతోంది, దాన్ని ఫోటోల్లో, సినిమాల్లో, మ్యాపుల్లో ఎలా చూపిస్తున్నారు అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు చెప్పే ప్రయత్నం చేశాను. చూపించే తీరుకు ఇంత చోటు ఎందుకంటారా? మ్యాపులో లేని వీధికి నీళ్ళ పైపు రాదు. మురికికూపం అని పేరు పడ్డ బస్తీని కూల్చినా అడిగేవాళ్ళు ఉండరు. అందుకే నా దృష్టిలో ఆ బతుకూ, దాన్ని చూపించే తీరూ ఒకే విషయం.

ఆఫ్రికాలో పట్టణాలు నిజంగా అంత వేగంగా పెరుగుతున్నాయా?

అవును. 1950లో ఖండం మొత్తం జనాభా సుమారు 23 కోట్లు. అప్పుడు ఏడుగురిలో ఒక్కరే పట్టణంలో ఉండేవారు. ఇప్పుడు జనాభా 150 కోట్ల దాకా వచ్చింది, నూటికి 45 మంది దాకా పట్టణాల్లోనే ఉన్నారు. 2050 నాటికి జనాభా 250 కోట్లకు చేరుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆ పెరిగే జనంలో ఎక్కువమంది ఉండబోయేది పట్టణాల్లోనే.

1950లో నైజీరియాలోని లాగోస్‌లో మూడు లక్షల పైచిలుకు మంది ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య కోటిన్నర దాటింది. కైరో మహానగరం రెండు కోట్లు దాటింది. మారిటేనియా రాజధాని నౌక్‌షాట్‌ను 1950ల చివర్లో ఎడారి అంచున కొన్ని వేలమంది కోసం కట్టారు. 1970లలో కరువులు ఒకదాని వెనక ఒకటి వచ్చి, మందలు పోగొట్టుకున్న పశుపోషకులు అక్కడికే వచ్చి గుడారాలు వేసుకున్నారు. ఇప్పుడు అది పది లక్షలు దాటిన నగరం.

అయితే ఖండమంతా ఒకేలా లేదు. దక్షిణాఫ్రికాలో మూడింట రెండు వంతుల మంది పట్టణవాసులు. బురుండి, నైజర్ దేశాల్లో ఆ సంఖ్య నూటికి ఇరవై కూడా లేదు.

అంటే పల్లెలన్నీ ఖాళీ అయి జనం నగరాలకు తరలిపోతున్నారా?

ఎక్కువమంది అనుకునేది ఇదే, కానీ అసలు సంగతి వేరు. చాలా దేశాల్లో పట్టణ జనాభా పెరగడానికి వలస కంటే పట్టణాల్లోనే పుట్టే పిల్లలు పెద్ద కారణం. రెండో కారణం ఇంకా ఆసక్తికరమైనది: పల్లెలే పట్టణాలైపోతున్నాయి. పశ్చిమ కెన్యాలో, నైలు నది డెల్టాలో జనం ఎక్కడికీ పోలేదు. ఇళ్ళు పక్కపక్కనే పెరిగి, ఊరూ ఊరూ కలిసిపోయి, ఒకనాటికి అదంతా పట్టణమైంది. ఉపగ్రహ చిత్రాల్లో కట్టడాలను చూసి పట్టణాలను లెక్కించే ఆఫ్రికాపోలిస్ అనే అధ్యయనంలో ఇలాంటివి చాలా బయటపడ్డాయి. వాటిలో కొన్నింటిని ప్రభుత్వ కాగితాల్లో ఇంకా పల్లెలుగానే రాస్తున్నారు. కాగితం మీద పల్లె కాబట్టి పురపాలక సంఘం ఉండదు, మురుగు కాలువకు నిధులు రావు.

పశ్చిమాఫ్రికాలో అబిజాన్ (ఐవరీ కోస్ట్) నుంచి అక్రా (ఘనా), లోమె (టోగో), కొటొనూ (బెనిన్) మీదుగా లాగోస్ వరకు సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం వెంట ఇదే జరుగుతోంది. ఐదు దేశాల్లోని పట్టణాలు ఒకదానివైపు ఒకటి పాకుతున్నాయి. సరిహద్దులూ కరెన్సీలూ వేరైనా రోడ్డు ఒకటే.

ఒక్కో నగరం జనాభాకు ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారెందుకు?

లెక్క పెట్టడం అక్కడ కష్టమైన పని, పైగా రాజకీయం కూడా. డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగోలో చివరిసారి జనగణన జరిగింది 1984లో. దాని రాజధాని కిన్షాసాలో కోటిన్నర పైగా ఉన్నారంటే అది అంచనాయే. 2006 జనగణనలో నైజీరియా కేంద్ర ప్రభుత్వం లాగోస్ రాష్ట్రానికి 90 లక్షల పైచిలుకు జనాభా చూపించింది. రాష్ట్ర ప్రభుత్వం తను సొంతంగా చేసిన లెక్కలో కోటీ 75 లక్షలు అంది. కేంద్రం ఇచ్చే నిధులు జనాభాను బట్టి కూడా ఉంటాయి కాబట్టి ఇది ఉత్త అంకెల గొడవ కాదు.

కెన్యా రాజధాని నైరోబిలోని కిబేరా సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. అక్కడ పది లక్షల మంది ఉన్నారని, ఆఫ్రికాలోనే అతిపెద్ద మురికివాడ అని ఏళ్ళ తరబడి పత్రికలు, సహాయ సంస్థలు రాస్తూ వచ్చాయి. 2009 జనగణనలో తేలింది సుమారు 1,70,000. జనగణనలో కొందరు తప్పిపోయి ఉంటారని ఎంత సర్దిచెప్పుకున్నా, పది లక్షలకూ దానికీ పొంతన లేదు. పెద్ద అంకెకు విరాళాలు, వార్తలు తొందరగా వస్తాయి, అందుకే అది అంతకాలం చెలామణీ అయింది. అదే ఏడాది కిబేరా యువకులు జీపీఎస్ పరికరాలు పట్టుకుని తమ సందులన్నీ తిరిగి, కుళాయిలు, మరుగుదొడ్లు, బడులు, క్లినిక్‌లు గుర్తించి, ఎవరైనా వివరాలు చేర్చగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టారు. అప్పటిదాకా చాలా మ్యాపుల్లో ఆ చోటు ఖాళీగానే ఉండేది.

ఈ నగరాల్లో ఒక పక్క విశాలమైన వీధులు, మరో పక్క ఇరుకు బస్తీలు ఎందుకు?

చాలా నగరాల్లో అది వలస పాలకులు గీసిన గీత. 1914లో నేటి సెనెగల్ రాజధాని డాకర్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఫ్రెంచ్ పాలకులు ఆఫ్రికన్లను నగరం మధ్యనుంచి తరలించి, మెదీనా అనే పేట కట్టి అక్కడికి పంపారు. సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో బ్రిటిష్ అధికారులు మలేరియా పేరు చెప్పి కొండమీద తమకు వేరే నివాసాలు కట్టుకున్నారు. 1899లో రైల్వే డిపోగా పుట్టిన నైరోబిలోనూ ఎవరు ఎక్కడ ఉండాలన్నది ఒంటి రంగును బట్టే నిర్ణయించారు.

దక్షిణాఫ్రికాలో ఇది చట్టమే అయింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం జాతిని బట్టి పేటలు కేటాయించింది. జోహానెస్‌బర్గ్‌లో సోఫియాటౌన్ అని సంగీతానికి, పత్రికా రచనకు పేరున్న పేట ఉండేది. అక్కడ నల్లవాళ్ళకు సొంత ఇళ్ళు, స్థలాలు కూడా ఉండేవి. 1955 ఫిబ్రవరిలో పోలీసులు వచ్చి కుటుంబాలను లారీలెక్కించి దూరంగా మెడోలాండ్స్‌కు తరలించారు. ఇళ్ళు నేలమట్టం చేసి, తెల్లవాళ్ళ కోసం కొత్త పేట కట్టి దానికి 'ట్రయోంఫ్' అని పేరు పెట్టారు, అంటే విజయం. పాత పేరు తిరిగి రావడానికి 2006 దాకా పట్టింది. పేరు వచ్చింది కానీ దూరం తగ్గలేదు. ఆ నాడు ఊరవతలికి నెట్టిన కుటుంబాల పిల్లలు, మనవలు ఇప్పటికీ తెల్లవారకముందే లేచి మినీబస్సు పట్టుకుని పనికి వెళ్తున్నారు.

బస్తీల్లో రోజువారీ జీవితం ఎలా ఉంటుంది?

సహారాకు దక్షిణాన పట్టణవాసుల్లో సుమారు సగం మంది ఇలాంటి చోట్లే ఉంటున్నారు కాబట్టి ఒక్క మాటలో తేల్చలేం. కైరోలో అనుమతి లేకుండా కట్టిన ఇళ్ళంటే పొలాల మీద లేచిన ఎర్ర ఇటుకల ఐదారు అంతస్తుల భవనాలు. నైరోబిలో రేకుల గదులు.

నైరోబిలోని ముకూరునే తీసుకోండి. పారిశ్రామికవాడకు, విమానాశ్రయానికి మధ్య ఉంటుంది. సుమారు లక్ష కుటుంబాలు, ఎక్కువమంది అద్దెకున్నవాళ్ళే. ఒక్కటే గది, మధ్యలో కర్టెన్ కట్టి ఇటు మంచం, అటు వంట. నీళ్ళు కావాలంటే ఇరవై లీటర్ల పసుప్పచ్చ ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని అమ్మేవాడి దగ్గర వరస కట్టాలి. డబ్బాకు ఇంత అని కట్టాలి. లీటరు లెక్కన చూస్తే ఇంట్లో కుళాయి ఉన్న మధ్యతరగతివాళ్ళ కంటే ఎక్కువే పడుతుంది. కరెంటూ అంతే: దొంగ లైన్లు నడిపేవాళ్ళకు నెల నెలా చెల్లిస్తారు. పేదలు ఉచితంగా అన్నీ వాడుకుంటారనే మాట ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళు ఎక్కువ చెల్లించి తక్కువ పొందుతున్నారు.

2017లో నైరోబి కౌంటీ ముకూరును ప్రత్యేక ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించింది. బస్తీవాసుల సంఘమైన 'ముంగానో వా వనవిజిజి', విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి కూర్చున్నాయి. కొన్ని ఇళ్ళకు ఒక బృందం చొప్పున ఏర్పడి, రోడ్డు ఎంత వెడల్పు కావాలి, ఎవరి గోడ ఎంత వెనక్కి జరగాలి అన్నది జనమే మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కొన్ని తారు రోడ్లు, నీటి కుళాయిలు, మురుగు లైన్లు వచ్చాయి. పని పూర్తి కాలేదు. 2024 వరదల తర్వాత నది ఒడ్డున ఉన్న ఇళ్ళను మళ్ళీ కూల్చారు కూడా. అయినా, కూర్చోబెట్టి అడిగితే జనం ఎంత స్పష్టంగా చెప్పగలరో ముకూరులో తెలిసింది.

జనం దేని మీద ఆధారపడి బతుకుతారు?

ఎక్కువగా సొంత కష్టం మీద. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్క ప్రకారం ఆఫ్రికాలో పనిచేసేవాళ్ళలో నూటికి 85 మందికి పైగా అసంఘటిత రంగంలోనే ఉన్నారు. వీధి వ్యాపారం, కుట్టుపని, రిపేర్లు, బైకు టాక్సీలు, ఇంటి వంటగదిలోంచి నడిచే చిన్న హోటళ్ళు, అన్నీ ఇందులోవే. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా వీళ్ళకు పెద్ద ఊరట. బ్యాంకు ఖాతా లేనివాళ్ళు కూడా మామూలు ఫోన్ నుంచి మెసేజ్ పంపినంత తేలిగ్గా ఊళ్ళో ఉన్న అమ్మకు డబ్బు పంపగలిగారు.

నగరంలో ఎలా తిరుగుతారు?

బండెక్కితే చాలావరకు ప్రైవేటు మినీబస్సుల్లో. లాగోస్‌లో పసుప్పచ్చ డాన్‌ఫోలు, అక్రాలో ట్రో-ట్రోలు, టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో దలదలాలు, నైరోబిలో మటాటులు. మటాటు ఒంటినిండా బొమ్మలు, లోపల చెవులు దద్దరిల్లే పాటలు ఉంటాయి. కుర్రాళ్ళు ఖాళీ బండి వచ్చినా ఎక్కకుండా, నచ్చిన మటాటు కోసం ఆగుతారు.

అవి ఎందుకంత జోరుగా వెళ్తాయంటే, యజమాని రోజుకు ఇంత అని టార్గెట్ పెడతాడు. అది కట్టగా మిగిలిందే డ్రైవర్‌కు, కండక్టర్‌కు కూలి. ఒక్క ట్రిప్పు తగ్గినా ఆ రోజు చేతికి ఏమీ మిగలదు. అందుకే 2004లో కెన్యా ప్రభుత్వం సీటు బెల్టులు, వేగ నియంత్రికలు తప్పనిసరి చేసినా, ఆ టార్గెట్ ఉన్నంతకాలం తొందర పోలేదు. డ్రైవర్లను తిట్టేముందు ఆ లెక్క చూడాలి.

ఈ వ్యవస్థకు చాలాకాలం మ్యాపే లేదు. నైరోబి విశ్వవిద్యాలయం విద్యార్థులు, అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి, ఫోన్లు పట్టుకుని మటాటులెక్కి, ఒక్కో స్టాపు నమోదు చేశారు. నూటా ముప్పైకి పైగా రూట్లు తేలాయి. 2014లో రంగురంగుల మ్యాపుగా అచ్చువేస్తే, గందరగోళమని అందరూ కొట్టిపారేసిన దాంట్లో ఎంత క్రమం ఉందో కనబడింది.

పెద్ద ప్రాజెక్టులూ వస్తున్నాయి. లాగోస్‌లో 2008లో ప్రత్యేక బస్సు లేన్లు, 2023లో బ్లూ లైన్ రైలు, దార్ ఎస్ సలామ్‌లో 2016లో బీఆర్‌టీ (ప్రత్యేక దారిలో నడిచే బస్సులు), డాకర్‌లో 2024లో ఎలక్ట్రిక్ బస్సులు. మంచివే. కానీ జనంలో చాలామంది ఇప్పటికీ వెళ్ళేది నడిచే, నడవడానికి ఫుట్‌పాత్ ఉండదు. ఆ ఖర్చు చాలా తక్కువ, కానీ దానికి ప్రారంభోత్సవాలు ఉండవు కదా, అందుకే ఎవరూ పట్టించుకోరు.

కొత్తగా కడుతున్న మెరుపు నగరాల మాటేమిటి?

ఈజిప్ట్ 2015లో ప్రకటించిన కొత్త పాలనా రాజధాని కైరోకు సుమారు 45 కిలోమీటర్ల తూర్పున ఎడారిలో లేచింది. లాగోస్‌లో సముద్రాన్ని పూడ్చి ఎకో అట్లాంటిక్ కడుతున్నారు. కంప్యూటర్‌లో గీసిన వాటి బొమ్మల్లో గాజు భవనాలు, ఖాళీ రోడ్లు కనిపిస్తాయి. ఒక్క బండి వ్యాపారి కూడా కనిపించడు. నగరంలో ఎక్కువమంది చేసే పనికి ఆ బొమ్మలో చోటు లేదంటే, ఆ నగరం ఎవరికోసమో తెలిసిపోతోంది.

అలాగని తొందరపడి తీర్పు చెప్పకూడదు. అంగోలా రాజధాని లువాండా శివార్లలో చైనా కంపెనీ కట్టిన కిలాంబా 2011లో ప్రారంభమైంది. వేల ఫ్లాట్లు ఖాళీగా ఉండటంతో 2012లో విదేశీ మీడియా దాన్ని దెయ్యాల నగరం అంది. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం ధరలు బాగా తగ్గించి, వాయిదాల్లో కట్టే వీలు కల్పించింది. దాంతో జనం బారులు తీరారు, ఫ్లాట్లు నిండిపోయాయి. ఇప్పుడక్కడ బడులున్నాయి, సాయంత్రాలు పిల్లల కేకలున్నాయి. ఆ ఫోటోలు తీయడానికి మాత్రం ఎవరూ అంత ఎగబడలేదు.

బయటివాళ్ళు తీసే ఫోటోలతో వచ్చిన చిక్కేమిటి? ఉన్నదే కదా చూపిస్తున్నారు?

ఉన్నదే, కానీ అందులో ఒక ముక్క. అక్రాలోని అగ్బొగ్బ్లోషీ ఫోటోలు మీరు చూసే ఉంటారు: నల్లటి పొగ, కేబుళ్ళు కాలుస్తున్న కుర్రాళ్ళు. ప్రపంచంలోనే అతిపెద్ద ఎలక్ట్రానిక్ చెత్తకుప్ప అని దానికి పేరు పడింది. పొగ నిజం, ఆ విషం పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందీ నిజం. కానీ అక్కడే పెద్ద ఉల్లిపాయల మార్కెట్ ఉండేది, పాత కంప్యూటర్లు బాగుచేసి మళ్ళీ అమ్మే షాపులు ఉండేవి, ఉత్తర ఘనా నుంచి వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి కట్టుకున్న తుక్కు లోహాల వ్యాపారం ఉండేది. అవి ఫ్రేములోకి రాలేదు. 2021 జులైలో బుల్డోజర్లు వచ్చి తుక్కు యార్డును తుడిచేశాయి. పని ఆగలేదు, చిన్న చిన్న చోట్లకు చెదిరిపోయింది.

లాగోస్‌లోని మకోకోది మరో కథ. నీటి మీద గుంజలు పాతి ఇళ్ళు కట్టుకున్న జాలరుల పేట అది. మగవాళ్ళు పడవల్లో వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు చేపలు పొగబెట్టి అమ్ముతారు. 2012లో ప్రభుత్వం 72 గంటల నోటీసు ఇచ్చి కొన్ని ఇళ్ళను కూల్చింది. 2013లో ఆర్కిటెక్ట్ కున్లే అడెయెమి అక్కడ చెక్కతో తేలే బడి కట్టాడు. ఫోటోలో ఎంతో అందంగా ఉండేది. అలాంటిదే మరొకటి 2016లో వెనిస్ ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో పెట్టి బహుమతి అందుకున్న కొద్ది రోజులకే, మకోకోలోని అసలు బడి వానకు కూలిపోయింది. అదృష్టవశాత్తూ లోపల పిల్లలు లేరు. మకోకోకు ఎక్కువ ఉపయోగపడిందని నేననుకునేది అంత అందంగా లేనిది: 2019లో స్థానిక యువతులు డ్రోన్లు ఎగరేయడం నేర్చుకుని మొదలుపెట్టిన మ్యాపు.

మరి అక్కడివాళ్ళు తమ నగరాన్ని తాము ఎలా చూపించుకున్నారు?

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న.

మాలి రాజధాని బమాకోలో సెయ్‌డూ కెయిటా 1948లో రైల్వే స్టేషన్ దగ్గర ఫోటో స్టూడియో తెరిచాడు. స్టూడియో అంటే ముఖ్యంగా ఇంటి వాకిలి, పగటి వెలుతురు. వెనక తెరగా తన మంచం మీది దుప్పటే కట్టాడు. కొన్నేళ్ళకోసారి ఆ తెర మార్చేవాడు. ఏ ఫోటో ఏ కాలానిదో తర్వాత ఆ తెర డిజైన్ చూసే గుర్తుపట్టగలిగాడు. వచ్చినవాళ్ళ కోసం సూట్లు, చేతి గడియారాలు, పెన్నులు, రేడియో, స్కూటర్ సిద్ధంగా ఉంచేవాడు. పువ్వుల బట్టలో వచ్చిన అమ్మాయిని చుక్కల తెర ముందు కొద్దిగా పక్కకు తిప్పి కూర్చోబెట్టి, వేళ్ళు కనబడేలా చెయ్యి సర్ది, చాలాసార్లు ఒక్క క్లిక్‌తోనే ముగించేవాడు. ఆ ఫోటోల్లో ఎవరూ జాలి కోరరు. పట్నం వచ్చాం, ఇదిగో ఇలా ఉన్నాం అని ఊళ్ళోవాళ్ళకు చూపించుకోవడానికి తీయించుకున్నవి. 1991లో న్యూయార్క్‌లో ఆయన ఫోటోలను ప్రదర్శించినప్పుడు కింద రాసింది 'పేరు తెలియని ఫోటోగ్రాఫర్' అని. ఆయన అప్పటికి బమాకోలోనే ఉన్నాడు. అడిగితే చెప్పేవాళ్ళు.

సినిమాలో సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1963లో తీసిన 'బోరోమ్ సారెట్' చూడాలి, నిడివి ఇరవై నిమిషాలే. డాకర్‌లో ఒక గుర్రబ్బండివాడి ఒక్క రోజు కథ. బండ్లకు అనుమతి లేని ధనికుల పేట ప్లాటో‌లోకి ఒకడిని దింపడానికి వెళ్తాడు. పోలీసు ఆపుతాడు. యుద్ధంలో వచ్చిన పతకం జేబులోంచి జారి కిందపడితే పోలీసు దాన్ని తొక్కుతాడు. బండి పోతుంది, గుర్రంతో ఇంటికి నడుస్తాడు. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళయినా వలస కాలపు గీత చెరగలేదని ఇంత సూటిగా చెప్పింది మరొకటి నేను చూడలేదు.

నైజీరియా వీడియో సినిమాలది వేరే దారి. 1992లో వచ్చిన 'లివింగ్ ఇన్ బాండేజ్' నేరుగా క్యాసెట్ల మీద అమ్ముడై ఒక పరిశ్రమకే ఊపిరి పోసింది. లాగోస్‌లో తొందరగా డబ్బు సంపాదించాలని భార్యనే బలిచ్చే మనిషి కథ అది. లాగోస్ జనానికి నగరమంటే ఉన్న ఆశ, భయం రెండూ అందులో ఉన్నాయి కాబట్టే ఇళ్ళలో అంతగా ఆడింది.

కిన్షాసా కళాకారుడు బోడిస్ ఇసెక్ కింగెలెజ్ అట్టముక్కలు, రంగు కాగితాలు, సీసా మూతలు, కూల్‌డ్రింక్ డబ్బాలతో నగరాల నమూనాలు చేశాడు. మెరిసే మేడలు, వెడల్పాటి వీధులు. కొత్త నగరాల గురించి పైన చెప్పిన కంప్యూటర్ బొమ్మలకూ వీటికీ తేడా ఏమిటంటే, ఈయన ఎవరినీ ఖాళీ చేయించకుండా తన ఊరు ఎలా ఉండొచ్చో కలగన్నాడు. 2018లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాటిని ప్రదర్శించింది. ఆయన అంతకు మూడేళ్ళ ముందే చనిపోయాడు.

నగరాలు భాషను మారుస్తున్నాయా?

మారుస్తున్నాయి. నైరోబి కుర్రకారు స్వాహిలి, ఇంగ్లీషు, ఇతర కెన్యా భాషలు కలిపి షెంగ్ మాట్లాడుతుంది. అబిజాన్‌లో ఫ్రెంచ్‌ను తమకు కావలసినట్టు వంచుకుని నూషి తయారుచేశారు. ఒకప్పుడు వీధి భాష అని తిట్టినవే ఇప్పుడు రేడియోలో, ప్రకటనల్లో, ఎన్నికల ప్రచారంలో వినిపిస్తున్నాయి.

వాతావరణ మార్పు ఈ నగరాలను ఎలా దెబ్బతీస్తోంది?

నీళ్ళు ఎక్కువై కొన్నిచోట్ల, లేక కొన్నిచోట్ల. 2018లో కేప్‌టౌన్‌లో జలాశయాలు అడుగంటి, ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అని పరిమితి పెట్టారు. ఊరంతా టెన్షన్ పడింది. వీధి కుళాయి దగ్గర బకెట్లు నింపుకునే బస్తీవాళ్ళు మాత్రం ముందునుంచీ అంతకంటే తక్కువతోనే నెట్టుకొస్తున్నారు.

2017 ఆగస్టు 14 తెల్లవారుజామున ఫ్రీటౌన్‌లో వానకు కొండ విరిగి ఇళ్ళమీద పడింది. చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి వెయ్యిమందికి పైనే. చెట్లు నరికిన వాలు మీద ఇళ్ళు కట్టుకున్నది వేరే చోటు దొరక్కే.

పురపాలక సంస్థలకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

చాలాచోట్ల రావడమే లేదు. ఆస్తి పన్ను వసూలు చేయాలంటే ముందు ఏ ఇల్లు ఎక్కడుందో తెలియాలి. అదే ఫ్రీటౌన్‌లో మేయర్ ఇవాన్ అకీ-సాయర్ హయాంలో 2020 ప్రాంతంలో ఉపగ్రహ చిత్రాలు చూసి ఇళ్ళు గుర్తించారు. పైకప్పు, గోడలు, రోడ్డు సౌకర్యం లాంటివి చూసి పాయింట్లు వేశారు. పన్ను జాబితాలో ఉన్న ఆస్తులు దాదాపు రెట్టింపయ్యాయి. పాత పద్ధతిలో మేడకూ రేకుల ఇంటికీ పెద్ద తేడా ఉండేది కాదు. కొత్త పద్ధతిలో ఖరీదైన బంగళాల పన్ను బాగా పెరిగింది, చాలా చిన్న ఇళ్ళ పన్ను తగ్గింది. కేంద్ర ప్రభుత్వం కొంతకాలం ఈ వసూళ్ళను ఆపించింది కూడా. పన్ను రశీదు చేతికొచ్చిన ఇంటివాళ్ళు ఇప్పుడు మా వీధికి కాలువ ఎప్పుడని అడుగుతున్నారు, అడిగే హక్కు వాళ్ళకుంది.